తాళం తీసినా ఆగని ఇంజను

పన్నెండో భాగం

లాయరు నాలుగింటికి వస్తాడు. ఇప్పుడు మూడు కావడానికి పది నిమిషాలుంది. ఈ గంటా పది నిమిషాల్లో పద్మిని ఒక కాగితం మీద సంతకం పెట్టాలి.

ఆ కాగితం గరాజ్‌లో వాషింగ్ మెషిన్ మీద ఉంది. ఎగిరిపోకుండా దాని మీద ఉల్లిపాయ పకోడీల ప్లేటు పెట్టారు. నూనె పీల్చుకుని ఒక మూల అప్పుడే పారదర్శకంగా తయారైంది.

మంగళవారం సాయంత్రం ఆరింటికి, ట్రాయ్ ఊళ్ళో క్రూక్స్ రోడ్డు మీద, బస్సు దిగి మంచు కుప్పల పక్కగా ఇంటికి నడిచి వస్తున్న, వాళ్లకి తెలిసిన ఉదయ్‌ని పద్మిని వాళ్ల పాత డీజిల్ కారు గుద్దింది. తుంటి విరిగింది. తలకి దెబ్బ తగిలింది. నాలుగు రోజులుగా అతను హాస్పిటల్లో కళ్ళు మూసుకునే ఉన్నాడట. కారు నడిపింది తనేనని పద్మిని బావగారు యజ్ఞనారాయణ పోలీసులకు చెప్పాడు. తన కారు రిపేరు షాపులో ఉంటే తమ్ముడి కారు అడిగి తీసుకున్నాడట. దారిలో ఫ్యాన్ బెల్టు తెగిందట. కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఆగిపోయి లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయట. ఇంజను చచ్చిందట, స్టీరింగ్ బిగుసుకుందట, చీకట్లో మనిషి కనపడలేదట.

ఆ బెల్టు మూడు వారాల కిందట వేసింది పద్మిని.

కాగితం చెప్పేది ఇంతే: బెల్టు నేనే వేశాను, సరిగ్గా బిగించలేదు. సంతకం పెడితే బావగారి మీద కేసు ఉండదు. బెల్టులు పరీక్షించే ల్యాబ్‌లో ఇంజనీరుగా పద్మినికి ఉద్యోగమూ ఉండదు. ఒక మనిషిని మంచం పట్టించింది తనేనని తన చేత్తో రాసిచ్చినట్టవుతుంది.

"అమ్మా పద్మినీ, పెన్ను కావాలా?" అన్నాడు యజ్ఞనారాయణ.

ఆయన గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. తెలుగు అసోసియేషన్‌కి మూడోసారి ప్రెసిడెంటు. చేతిరుమాలుతో కారు చక్రం మీది ఫెండర్ తుడిచి, దానికి ఆనుకుని నిలబడ్డాడు. అదే ఫెండర్. సొట్ట ఇంకా అలాగే ఉంది. ఆయన తుడిచింది కోటుకి మరక అంటకూడదని.



ట్రాయ్‌లో తెలుగు ఇంజనీర్లకి శనివారం ఒక అలవాటుంది. ఎవరి కారుకి జబ్బు చేస్తే వాళ్ల గరాజ్‌లో పోగవుతారు. ఇంజను మీది హుడ్ ఎత్తుతారు. వాళ్లలో పిస్టన్ల మీద పిహెచ్‌డి చేసినవాడుంటాడు, బ్రేకులు డిజైన్ చేసేవాడుంటాడు, చొక్కా చేతులు మడిచేవాడు మాత్రం ఉండడు. మాటలతోనే రిపేరు పూర్తిచేసి, ప్లేట్లు ఖాళీ చేసి, సాయంత్రానికి మెకానిక్‌కి ఫోన్ చేస్తారు. ఇవాళ కూడా హుడ్ ఎత్తే ఉంది. తేడా ఒక్కటే. ఇవాళ జబ్బేమిటో ముందే తేల్చేశారు. మందు పద్మిని మింగాలి.

సాక్షిగా పిలిపించిన గేర్ల ఇంజనీరు రాధాకృష్ణ పకోడీ నములుతూ ఇంజన్లోకి తొంగిచూశాడు.

"బెల్ట్ టెన్షన్ చాలా సెన్సిటివ్ విషయమండీ. మా ప్లాంట్‌లో అయితే దానికి ప్రత్యేకం గేజ్ ఉంటుంది. ఇంట్లో చేత్తో నొక్కి చూస్తే ఎలా తెలుస్తుంది?"

"ఆ గేజ్ నా డ్రాయర్లో ఉంది రాధాకృష్ణగారూ. దాంతోనే బిగించాను."

"అంటే, ఆడవాళ్ల చేతికి అంత ఫోర్స్..."

"కొలిచేది గేజ్. చెయ్యి కాదు."

పద్మిని భర్త శ్యామ్‌సుందర్ ఇంట్లోకి వెళ్ళే తలుపుకి చేరగిలబడ్డాడు. భార్య వైపు చూడలేదు. "ఎందుకు పద్మినీ వాదన? అన్నయ్య పోలీసుల ముందు నిలబడ్డారు. నువ్వు ఒక సంతకం పెట్టలేవా?"

"యాక్సిడెంట్ అంటే యాక్సిడెంట్," అన్నాడు యజ్ఞనారాయణ. "మెకానికల్ ఫెయిల్యూర్. ఎవరి తప్పూ కాదమ్మా."

"ఎవరి తప్పూ కానిదానికి నా సంతకం ఎందుకు బావగారూ?"

"ఇది బయటికి పోతే ఎవరికి నష్టం చెప్పు. ఉగాది ఫంక్షన్ ఆరు వారాల్లో ఉంది. హాల్ బుక్ చేశాం. ఈ టైములో ప్రెసిడెంటు మీద కేసంటే మొత్తం కమ్యూనిటీకే మచ్చ."

గరాజ్ షట్టర్ పక్కన శాంతి నిలబడి ఉంది. ఉదయ్ భార్య. ఒంటి మీద కోటు తియ్యలేదు. కూర్చోమని ఎవరూ అనలేదు. లాయరుతో మాట్లాడే పని ఉంటుందని బావగారే రమ్మన్నాడు. ఆమె ముందే, ఆమె భర్త తుంటి విరగ్గొట్టిన కారుకి ఆనుకుని, ఉగాది హాల్ గురించి మాట్లాడుతున్నాడు.

పద్మిని స్వెట్టర్ చేతులు పైకి లాక్కుంది.

"ఆ బెల్టు ఇలా ఇవ్వండి."

"పోలీసులు చూసి తిరిగిచ్చిందే కదమ్మా. మళ్ళీ ఎందుకు?"

"సంతకం పెట్టేది నేను. నేను చూడలేదు."

యజ్ఞనారాయణ తమ్ముడి వైపు చూశాడు. శ్యామ్‌సుందర్ భుజాలు ఎగరేశాడు. తెగిన బెల్టు ఉన్న ప్లాస్టిక్ కవరు పద్మిని చేతికి వచ్చింది.

పద్మిని బెల్టు చివరలు రెండూ దీపం కిందికి తెచ్చింది. ఎక్కువసేపు చూడాల్సిన పని లేకపోయింది. రెండేళ్లుగా ఆమె ఉద్యోగమే అది. ల్యాబ్‌లో బెల్టుల్ని తెగేదాకా తిప్పుతారు. తెగిన ప్రతిదాన్నీ బల్ల మీద పెట్టి, అది ఎలా చచ్చిందో పద్మిని రిపోర్టు రాస్తుంది.

"వదులైన బెల్టు ముందు జారుతుంది. జారితే కీచుమంటుంది. పక్కలు అద్దంలా నున్నగా మెరుస్తాయి. ఆ తర్వాత పగుళ్లు. ఆఖరికి తెగినప్పుడు లోపలి దారాలు ఒక్కొక్కటే సాగి తెగుతాయి కాబట్టి చివర గడ్డంలా పీచులుంటాయి. ఇది చూడండి."

రాధాకృష్ణ వంగి చూశాడు. బెల్టు చివర పీచులు లేవు. దోసకాయ కోసినట్టు చదునుగా ఉంది.

"పక్కలు మెరవలేదు, పగుళ్లు లేవు. ఇది తెగలేదు. కోశారు."

"ఏదో రేకు తగిలి ఉంటుంది," అన్నాడు శ్యామ్‌సుందర్.

"రేకు తగిలితే ఒక పక్కనుంచి చీరుకుంటూ పోతుంది. ఇది రెండు ఊపుల్లో కోసింది. మధ్యలో కత్తి ఒకసారి ఆగింది. ఇదిగో గాటు."

 యజ్ఞనారాయణ చేతిరుమాలు మడతపెట్టాడు. మళ్ళీ విప్పాడు.

పద్మిని వోల్ట్‌మీటరు తెచ్చి బ్యాటరీ మీద పెట్టింది. ముల్లు పన్నెండున్నర వోల్టుల దగ్గర నిలబడింది.

"బ్యాటరీ నిండుగా ఉంది. ఎవరైనా ఛార్జ్ చేశారా?"

ఎవరూ చెయ్యలేదు.

"ఆల్టర్నేటర్ ఆగినంత మాత్రాన లైట్లు ఆరిపోవు. ముందు డాష్‌బోర్డ్ మీద ఎర్ర దీపం వెలుగుతుంది. హెడ్‌లైట్లు బ్యాటరీ మీద బతుకుతాయి. మెల్లగా పచ్చబడతాయి, అరగంటకో గంటకో గుడ్డివవుతాయి. ఒక్కసారిగా ఆరిపోయి, నాలుగు రోజుల తర్వాత బ్యాటరీ ఇంత నిండుగా ఉండదు." చెయ్యి కిందికి పోనిచ్చి ఇంకో బెల్టుని వేలితో మీటింది. "స్టీరింగ్ పంపుకి వేరే బెల్టు. ఇది చెక్కుచెదరలేదు. మరి స్టీరింగ్ ఎందుకు బిగుసుకుంది?"

"నేనేం కార్ల డాక్టర్నా అమ్మా?" యజ్ఞనారాయణ గొంతులో మెత్తదనం కాస్త పలచబడింది. "ఇంజను ఆగిపోయింది. ఇంజను ఆగితే అన్నీ బిగుసుకుంటాయి. ఆ మాత్రం నాకూ తెలుసు. హైదరాబాద్‌లో నేను అంబాసడర్ నడిపినప్పుడు ఎన్నిసార్లు జరగలేదు."

"అవును. అంబాసడర్‌లో జరుగుతుంది."

పద్మిని షట్టర్ పూర్తిగా పైకెత్తింది. ఫిబ్రవరి గాలి కత్తిలా లోపలికొచ్చింది. పద్మిని డ్రైవర్ సీట్లో కూర్చుంది. ఎత్తిన హుడ్ అడ్డంగా ఉంది కాబట్టి ఆమె చేతులు ఏం చేస్తున్నాయో ముందున్నవాళ్లకి కనపడలేదు. అర నిమిషం తర్వాత ఇంజను దగ్గి, వణికి, అందుకుంది. డీజిల్ కంపు, నల్లటి పొగ, ట్రాక్టర్ చప్పుడు.

దిగివచ్చి, రెంచ్‌తో బ్యాటరీ తీగ వదులుచేసి, పట్టుకుని పైకెత్తింది.

ఇంజను అదే లయలో కొట్టుకుంటూనే ఉంది.

రాధాకృష్ణ చేతిలో పకోడీ నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"బెల్టు లేదు," అంది పద్మిని, చప్పుడు మీదుగా గొంతు పెంచి. "ఆల్టర్నేటర్ తిరగట్లేదు. బ్యాటరీ లేదు. ఈ కార్లో ఇప్పుడు ఎక్కడా కరెంటు లేదు. పెట్రోలు ఇంజన్‌కి నిప్పురవ్వ కావాలి, రవ్వకి కరెంటు కావాలి. దీనికి అక్కర్లేదు. ఒకసారి అందుకుంటే ట్యాంకులో చుక్క ఉన్నంతవరకూ తిరుగుతుంది. నీళ్ల పంపుని తిప్పేదీ ఆ బెల్టే కాబట్టి బెల్టు లేకుండా చాలాసేపు నడిపితే వేడెక్కి పాడవుతుంది. అంతేగానీ తటాలున ఆగదు."

"అయితే నేను అబద్ధం చెప్పానంటావా?"

"మీరు పెట్రోలు కారు చావు తెచ్చి డీజిల్ కారుకి అతికించారు బావగారూ."

రాధాకృష్ణ పకోడీని ప్లేట్లో పెట్టేశాడు. "టెక్నికల్‌గా పాయింటు ఉందండి," అన్నాడు ఎవరితోనూ కాకుండా.

పద్మిని తీగ మళ్ళీ బిగించింది. పొగకి కళ్ళు మండుతున్నాయి.

"ఇంజను వేడెక్కుతుంది. కాస్త ఆపేయండి బావగారూ."

యజ్ఞనారాయణ విసురుగా వెళ్ళి తలుపు తీశాడు. సీట్లో కూర్చోకుండానే చెయ్యి లోపలికి పెట్టి తాళం తిప్పాడు. ఇంజను ఆగలేదు. తాళం బయటికి లాగాడు. ఆగలేదు. మళ్ళీ పెట్టాడు, తిప్పాడు, లాగాడు. చేతిలో తాళంతో అలా నిలబడ్డాడు. 

ఆయన పోలీసులకు రాసిచ్చిన స్టేట్‌మెంట్ కాపీని పద్మిని పకోడీల ప్లేటు కిందనుంచి తీసింది. "ఆరవుతుండగా పాలకోసం షాపు దగ్గర ఆపాను, ఐదు నిమిషాల తర్వాత మళ్ళీ స్టార్ట్ చేశాను అని రాశారు. ఎలా ఆపారు?"

"అదీ... ఆ రోజు..."

"చెప్పండి. ఎలా ఆపారు?"

ఆ చప్పుడు ఇంక భరించలేక కాబోలు శ్యామ్‌సుందర్ రెండంగల్లో వచ్చాడు. అన్నగారిని పక్కకి నెట్టి, డాష్‌బోర్డ్ కింద ఉన్న నల్లటి నాబ్‌ని లోపలికి నొక్కాడు. ఇంజను ఒక్క కుదుపుతో ఆగిపోయింది.

"ఈ కారుకి తాళంతో ఆగదు అన్నయ్యా. నాబ్ నొక్కాలి. నిన్న చెప్పాను కదా..."

మాట మధ్యలో నాలిక కరుచుకున్నాడు. కానీ మాట బయటపడింది. ఇంజను చప్పుడు ఆగిన గరాజ్‌లో అది అందరికీ వినపడింది.

పదకొండేళ్ల నాటి కారు అది. నాబ్ లాగి పట్టుకుంటే ఇంజను వేడెక్కాలి, ఇంకా లాగితే స్టార్ట్ అవాలి, నొక్కితే ఆగాలి. ఆ నాబ్ సంగతి తెలియనివాడు ఆ కారుని వీధి చివరిదాకా కూడా తీసుకెళ్ళలేడు.

"మంగళవారం ఈ కారు మీరు నడపలేదు," అంది పద్మిని. "దీనికి తాళాలు రెండు. ఆ రోజు ఒకటి నా హ్యాండ్‌బ్యాగ్‌లో, నాతోపాటు ల్యాబ్‌లో ఉంది. రెండోది ఎవరి దగ్గరుంది?"

యజ్ఞనారాయణ కళ్ళు తమ్ముడి వైపు పోయాయి.  శ్యామ్‌సుందర్ లైసెన్స్ పోయిన జూన్‌లో సస్పెండ్ అయింది, తాగి నడిపినందుకు. మళ్ళీ పట్టుబడితే జైలే. నడిపింది అన్నగారంటే సరిపోతుంది. పెద్దమనిషి, తాగడు, ప్రెసిడెంటు. తప్పు బెల్టుదంటే ఇంకా మంచిది. బెల్టు వేసిన మనిషి ఇంట్లోనే ఉంది.

పద్మిని భర్త మొహంలోకి చూసింది. మంగళవారం ఎనిమిదిన్నరకి తను ఇంటికొచ్చేసరికి ఈ మనిషి స్నానం చేసి, తల దువ్వుకుని, టీవీ ముందు కూర్చుని అన్నం తింటున్నాడు. చారులో ఉప్పు తక్కువైందన్నాడు. అప్పడం ఉందా అని అడిగాడు. బుధవారం తనతోపాటు హాస్పిటల్‌కి వచ్చి, శాంతి పక్క కుర్చీలో కూర్చుని, దేవుడున్నాడమ్మా అన్నాడు. ఆ చెయ్యే బెల్టు కోసింది. ఆ చెయ్యే రాత్రి దుప్పట్లో తన భుజం మీద పడింది.

పద్మిని గరాజ్ సింకు దగ్గరకెళ్ళి చేతులు కడుక్కుంది. గ్రీజు పోయింది. మళ్ళీ సబ్బు రాసుకుంది. భుజం కూడా కడుక్కోవాలనిపించింది.

"బెల్టు ఎవరు కోశారండీ?" అంది వెనక్కి తిరగకుండా.

"చూడు పద్మినీ," శ్యామ్‌సుందర్ గొంతు తగ్గించాడు, "జరిగిందేదో జరిగింది. నేను జైలుకెళ్తే నీకేం వస్తుంది? ఇల్లు గడవాలా వద్దా?"

"మా ఆయన తుంటికి ఇనుప ఊచ వేశారు," అంది శాంతి.

అందరూ తిరిగి చూశారు. ఆమె అక్కడుందన్న సంగతే మర్చిపోయారు. ఆమె కదలకుండా, కోటు జేబుల్లో చేతులతో, అక్కడే నిలబడి ఉంది.

"శాంతీ, అమ్మా, నువ్వు ఇంట్లోకి వెళ్ళి టీ తాగు," అన్నాడు యజ్ఞనారాయణ. "మీ ఖర్చులన్నీ అసోసియేషన్ తరఫున..."

"మీ టీ నాకొద్దు సార్." శాంతి గొంతు పెరగలేదు. "పొద్దున పదకొండింటికి ఉదయ్ కళ్ళు తెరిచాడు. పావుగంట మాట్లాడాడు. ఆ సంగతి చెబుదామనే వచ్చాను. ముందు మీరంతా ఏమంటారో విందామని ఊరుకున్నాను."

యజ్ఞనారాయణ చేతిలోంచి తాళం జారి సిమెంటు నేల మీద పడింది. ఎవరూ తియ్యలేదు.

"పద్మినక్క చెప్పిందే నిజం. లైట్లు ఆరలేదట. మొహం మీద వెలుగుతూనే ఉన్నాయట. ఇంజను కొట్టుకుంటూనే ఉందట. నడిపేవాళ్ళెవరో ఆ వెలుగులో కనపడలేదట. కానీ పక్క తలుపు తీసుకుని ఒకళ్ళు దిగారట. దగ్గరకొచ్చి వంగి చూశారట. ‘ప్రాణం ఉందిలే, పద’ అని తెలుగులోనే అన్నారట."

"ఎవరు?" అన్నాడు రాధాకృష్ణ.

"ఆడమనిషి," అంది శాంతి.

బయట డ్రైవ్‌వేలో మంచు మీద టైర్ల చప్పుడైంది. లాయరు పావుగంట ముందే వచ్చాడు. కారు తలుపు తెరుచుకుని మూసుకుంది.

రాధాకృష్ణ మెల్లగా తల తిప్పి పద్మినిని చూశాడు. శాంతి కూడా చూసింది. ఆ చూపులో ఇంతసేపూ లేనిదేదో వచ్చి చేరింది.

మంగళవారం సాయంత్రం ల్యాబ్‌లో పద్మిని ఒక్కతే ఉంది. ఐదింటికే అందరూ వెళ్ళిపోయారు. ఎనిమిది దాకా తిరిగే బెల్టులు తప్ప ఆమెని చూసిన ప్రాణి లేదు. ఆ సంగతి తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు.

ఆ ఒక్కడూ ఇప్పుడు ఆమె దగ్గరకొచ్చాడు. అచ్చం అన్నగారి గొంతులాగా, మెత్తగా, శాంతికీ లాయరుకీ కూడా వినపడేలా అన్నాడు.

"ఇంక దాచి లాభం లేదు పద్మినీ. ఆ రోజు కారు దిగింది నువ్వేనని చెప్పెయ్."